చెవి పక్కన చిన్న డప్పు

అరకు లోయలో థింసా నృత్యం మొదలు కావడానికి ముందు ఓ చిన్న పని జరుగుతుంది. డప్పు పట్టిన మనిషి గుప్పెడు గడ్డి అంటించి తోలు ఉన్న వైపును సెగకు చూపిస్తాడు. మధ్యమధ్యలో వేలితో కొట్టి వింటాడు. మంచు తేమకు వదులైన తోలు వేడికి బిగుస్తుంది. అంతదాకా బొదబొదలాడిన మోత ఖణేల్మంటుంది. అప్పుడు తుడుము, మోరి, కిరిడి, జోడుకొమ్ములు దానితో కలుస్తాయి. ఆడవాళ్లు ఒకరి వీపు మీదుగా ఒకరు చేతులు వేసి, బారులు తీరి, అడుగు కలుపుతారు.

ఆ ఆటను ఫోన్‌లో రికార్డు చేసుకుని, 58 సొరంగాల దారిలో విశాఖకు దిగే రైల్లో హెడ్‌ఫోన్ పెట్టుకుని వినే కుర్రాడి దగ్గరా డప్పులే ఉంటాయి. చెవికొకటి చొప్పున రెండు. వెంట్రుక కన్నా పల్చని ప్లాస్టిక్ పొర, దాని వెనక అతికిన సన్నటి రాగితీగ చుట్ట, ఆ చుట్ట కదలాడే సందులో బలమైన అయస్కాంతం. ఈ మూడూ కలిస్తే డ్రైవర్. రిపేరు షాపులో ‘స్పీకర్ పోయింది’ అనేది దీని గురించే.

స్పీకర్ పోయిందనగానే హెడ్‌ఫోన్ మొత్తాన్నీ పారేయడం అలవాటైపోయింది. ఆ అవసరం లేదు. డ్రైవర్లు విడిగా దొరుకుతాయి. పాతవి ఊడదీసి కొత్తవి వేసుకోవచ్చు. ఓపిక ఉంటే ఖాళీ కప్పులు, బ్యాండు, వైరు తెచ్చుకుని మొదటి నుంచీ సొంతంగా కట్టుకోవచ్చు. చిక్కంతా ఎంపిక దగ్గరే. ఒకే కొలతలో, ఒకే ఆకారంలో కనిపించే పది రకాల డ్రైవర్లలో ఏది మంచిది? అమ్మేవాళ్లు చెప్పే అంకెల్లో పనికొచ్చేది ఏది? డప్పు కట్టేవాళ్లకు ఎప్పటినుంచో తెలిసిన సంగతే ఇక్కడా దారి చూపిస్తుంది. తోలు ఎంత మేలైనదైనా, దాన్ని బిగించిన చట్రమూ దాని వెనకున్న గాలీ కుదరకపోతే మోత పలకదు.

వంటగదిలో పుట్టిన వస్తువు

నేటి తరహా హెడ్‌ఫోన్ చరిత్ర మొదలైందే ఇంట్లో చేసిన పనిగా. అమెరికాలోని యూటా రాష్ట్రంలో నథానియెల్ బాల్డ్విన్ అనే ఆయన 1910లో తన వంటగదిలో చేసిన హెడ్‌ఫోన్లను నౌకాదళానికి పంపాడు. వాళ్లకు నచ్చి ఇంకా కావాలని అడిగితే, వంటగదిలో ఒక విడతకు పదే చేయగలనన్నాడు. ఆయన వాడిన పొర అభ్రకంతో చేసింది. గూడూరు గనుల గురించి విన్న తెలుగువాళ్లకు ఆ ఖనిజం కొత్త కాదు. రేకులు రేకులుగా విడిపోతుంది, తేలిగ్గా ఉంటుంది, బిరుసుగా నిలుస్తుంది. డ్రైవర్ పొరకు కావలసిన గుణాలు ఇప్పటికీ ఇవే.

తీగచుట్ట కదిలే పద్ధతి హెడ్‌ఫోన్లలోకి 1937లో జర్మనీ కంపెనీ బేయర్‌డైనమిక్ తెచ్చిన డీటీ 48తో వచ్చింది. ఇవాళ మార్కెట్లో దొరికే డ్రైవర్లలో ఎక్కువ భాగం ఆ పద్ధతివే. పాట తాలూకు కరెంటు చుట్టలోకి రాగానే అదీ ఒక అయస్కాంతంగా మారుతుంది. కరెంటు దిశ మారినప్పుడల్లా పక్కనున్న అసలు అయస్కాంతం దాన్ని ముందుకు తోస్తుంది, వెనక్కి లాగుతుంది. చుట్టతోపాటు పొరా కదులుతుంది, పొర గాలిని కొడుతుంది. డప్పు మీద పుల్ల చేసే పని ఇక్కడ కరెంటు చేస్తోందన్నమాట.

గోస్తనీ మోసుకెళ్లిన అయస్కాంతం

డ్రైవర్‌ను తిప్పి చూస్తే వెనక బిళ్లలా కనిపించే భాగంలో అయస్కాంతం ఉంటుంది. డ్రైవర్ ధరలోనూ బరువులోనూ దీనిదే పెద్ద వాటా. చౌక రకాల్లో ఫెర్రైట్ వాడతారు. అది నల్లగా, పెళుసుగా ఉంటుంది. కాస్త బలం రావాలన్నా ఎక్కువ బరువు కావాలి. 1979 జులైలో సోనీ వాక్‌మన్ వచ్చినప్పుడు దాంతోపాటు ఇచ్చిన హెడ్‌ఫోన్ దాదాపు 50 గ్రాములే తూగింది. అప్పటిదాకా మామూలు హెడ్‌ఫోన్ అంటే 300, 400 గ్రాములు. ఆ తేడా సాధ్యం చేసిన వాటిలో ముఖ్యమైనది సమేరియం కోబాల్ట్ అయస్కాంతం. తర్వాత కొద్ది ఏళ్లకే, 1980ల మొదట్లో, జపాన్‌లో మసాటో సగావా, అమెరికాలో జనరల్ మోటార్స్‌కు చెందిన జాన్ క్రోట్ విడివిడిగా నియోడిమియం, ఇనుము, బోరాన్ కలిసిన అయస్కాంతాన్ని తయారు చేశారు. ఇప్పుడు మంచి డ్రైవర్లలో ఉండేది ఇదే.

ఈ లోహాల కథ తూర్పు కనుమలకు పరాయిది కాదు. ఇక్కడి కొండల్లో విరివిగా కనిపించే రాయి ఖొండలైట్. ఈ కొండల్లో బతికే కోంధుల పేరు మీదే 1902లో దానికా పేరు పెట్టారు. ఖొండలైట్, చార్నకైట్ లాంటి రాళ్లు ఎండకూ వానకూ చితికి, వాటిలోని బరువైన రేణువులు ఏళ్లూపూళ్లూ నదుల్లో దొర్లి తీరానికి చేరాయి. అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తనీ బొర్రా గుహల గుండా పారి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆ తీరపు ఇసుకను దోసిట్లోకి తీసుకుంటే నల్లని, ఎర్రని రేణువులు మెరుస్తాయి. ఇల్మనైట్, గార్నెట్, సిలిమనైట్‌లతోపాటు ఆ ఇసుకలో మోనజైట్ కూడా ఉంటుంది. నియోడిమియం, సమేరియం ఈ మోనజైట్‌లో దొరుకుతాయి. దేశంలో మోనజైట్ నిల్వలు అన్ని రాష్ట్రాలకన్నా ఎక్కువ ఉన్నది ఆంధ్రప్రదేశ్‌లోనే. అణు ఖనిజాల డైరెక్టరేట్ లెక్కల్లో అది 37 లక్షల టన్నులకు పైమాటే. 2023 మే 11న విశాఖలో ఐఆర్‌ఈఎల్ సంస్థ అయస్కాంతాల కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. ఏడాదికి 3,000 కిలోల సమేరియం కోబాల్ట్ అయస్కాంతాలు దాని సామర్థ్యం. వాక్‌మన్ హెడ్‌ఫోన్‌లో ఉన్నదీ ఆ జాతి అయస్కాంతమే.

అందుకే వైరు ఒకటి తెగిందని హెడ్‌ఫోన్‌ను పారేయడం మనసుకు కష్టం కలిగించే పని. అందులోని కొద్ది గ్రాముల అయస్కాంతం కోసం ఎక్కడో ఒక కొండనో తీరాన్నో తవ్వే ఉంటారు.

డబ్బా మీద అంకెలు

డ్రైవర్లను పోల్చేటప్పుడు ముందుగా చూడాల్సిన అంకె ఇంపిడెన్స్. ఓమ్‌లలో రాస్తారు. చుట్టలో తీగ ఎంత సన్నగా ఉంది, ఎన్ని చుట్లు ఉన్నాయి అన్నదాన్ని బట్టి ఇది మారుతుంది. బేయర్‌డైనమిక్ తన డీటీ 990 హెడ్‌ఫోన్‌ను 32, 250, 600 ఓమ్‌ల రకాలుగా అమ్మింది. ఒక మిల్లీవాట్ శక్తికి 96 డెసిబెల్స్ మోత వస్తుందని కంపెనీ చెబుతుంది. ఫోన్ గరిష్ఠంగా 1 వోల్టు ఇస్తుందనుకుందాం. అప్పుడు 32 ఓమ్‌ల డ్రైవర్‌కు 31 మిల్లీవాట్లు అందుతాయి. 250 ఓమ్‌లకు 4, 600 ఓమ్‌లకు 1.7 మిల్లీవాట్లే. మోతలో చెబితే వరుసగా 111, 102, 98 డెసిబెల్స్. అంటే 600 ఓమ్‌లది చెడ్డదని కాదు. దానికి యాంప్లిఫయర్ కావాలి. ఫోన్‌కు నేరుగా తగిలించి వినాలనుకునేవాళ్లు 16 నుంచి 60 ఓమ్‌ల మధ్య తీసుకుంటే ఇబ్బంది ఉండదు.

రెండో అంకె సెన్సిటివిటీ, పైన చెప్పిన ‘మిల్లీవాట్‌కు ఇన్ని డెసిబెల్స్’ లెక్క. ఇక్కడ 3 డెసిబెల్స్ తేడా అంటే రెట్టింపు శక్తి, 10 డెసిబెల్స్ అంటే పదింతలు. కాబట్టి 98కీ 108కీ మధ్య తేడా చూడ్డానికి చిన్నదిగా ఉన్నా, వాడకంలో చాలా పెద్దది. కొన్ని కంపెనీలు మిల్లీవాట్‌కు బదులు ఒక వోల్టుకు లెక్క చెబుతాయి. రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.

మూడోది వ్యాసం. చెవి గుంటలో పెట్టుకునే బడ్స్‌కు 15 మిల్లీమీటర్ల చుట్టుపక్కల, చెవిని మూసే హెడ్‌ఫోన్లకు 40, 50 మిల్లీమీటర్ల డ్రైవర్లు వాడతారు. పెద్దదైతే మంచిదన్న నమ్మకం జనంలో బలంగా ఉంది. పెద్ద పొర ఎక్కువ గాలిని కదుపుతుంది, నిజమే. కానీ కీచుస్థాయి శబ్దాల దగ్గర పెద్ద పొర మొత్తంగా ఒక్కటిగా కదలదు. ఒక చోట పైకి లేస్తే ఇంకో చోట కిందికి వంగుతుంది. 1997లో వచ్చిన సెన్‌హైజర్ హెచ్‌డీ 600ను నేటికీ మంచి ధ్వనికి కొలబద్దగా చెప్పుకుంటారు. అందులోని డ్రైవర్ 50 మిల్లీమీటర్ల కన్నా చిన్నదే. దాని మరో సుగుణం సొంతంగా బాగుచేసుకునేవాళ్లకు ముఖ్యం: టంకం పెట్టకుండానే డ్రైవర్, వైరు, ప్యాడ్లు అన్నీ చేత్తో ఊడదీసి కొత్తవి పెట్టుకోవచ్చు.

ఇక ‘20 నుంచి 20,000 హెర్ట్జ్’ అని ప్రతి డబ్బా మీదా కనిపించే అంకెతో ఏమీ తేలదు. ఆ మధ్యలో ఎక్కడ ఎంత హెచ్చు, ఎంత తగ్గు అన్నది చెప్పనంతవరకు అది అలంకారమే. గ్రాఫ్ ఇచ్చే అమ్మకందారు దొరికితే వాళ్ల దగ్గరే కొనాలి.

తోలు మారితే మోత మారుతుంది

పొర దేనితో చేశారన్నది రుచికి సంబంధించిన విషయం. ఎక్కువగా వాడేది పాలియెస్టర్ పొర. మైలార్ అన్న పేరుతో ప్రసిద్ధం. చౌక, తేలిక, తేమను పెద్దగా పీల్చదు. తోలు డప్పులాగా మంచు పడినప్పుడల్లా సెగ చూపించే పని దీనికి లేదు. కాగితం పొరది మెత్తని, సహజమైన ధ్వని అని ఇష్టపడేవాళ్లున్నారు కానీ చెమట, తేమ దానికి పడవు. టైటానియం, బెరీలియం అని రాసి ఉన్న చౌక డ్రైవర్లలో ఉండేది ప్లాస్టిక్ మీద ఆ లోహపు పల్చటి పూత. అమెరికా కంపెనీ కాస్ తెచ్చిన కేఎస్‌సీ 75లో ఇలాంటి టైటానియం పూత ఉన్న 60 ఓమ్‌ల డ్రైవర్ ఉంది. ధర తక్కువ, ధ్వని బాగుంటుంది కాబట్టి దాని డ్రైవర్లను తీసి వేరే బ్యాండ్లకు తగిలించుకోవడం చాలామందికి మొదటి పాఠం.

ఖరీదైన కొసన 1989లో వచ్చిన సోనీ ఆర్10 ఉంది. దాని పొర బ్యాక్టీరియా అల్లిన సెల్యులోజ్ నారతో చేసింది. కప్పులను జపాన్‌లోని పాత జెల్కోవా చెట్ల కర్రతో చెక్కారు. ఇంకో దారి ఫాస్టెక్స్ టీ50ఆర్‌పీ చూపించింది. ఇందులో చుట్ట ఉండదు. పల్చటి పొర మీదే తీగను అచ్చువేసి, దాన్ని అయస్కాంతాల బారుల మధ్య నిలబెడతారు. ఈ హెడ్‌ఫోన్‌ను విప్పి, లోపల దూది, బంకమన్ను మార్చి చూసినవాళ్లలో కొందరు ఆ అనుభవంతోనే సొంత కంపెనీలు పెట్టారు. శాండియాగోకు చెందిన డాన్ క్లార్క్ ఆడియో అలా మొదలైందే.

డప్పా, తుడుమా?

డప్పుకు ఒక వైపే తోలు, వెనక ఖాళీ. శబ్దం ముందుకూ వెనక్కూ పారుతుంది. తుడుము గిన్నె ఆకారంలో ఉంటుంది, వెనక గాలి బందీ. కొట్టినప్పుడు లోపలి గాలి తోలును ఎదురు తోస్తుంది. మోత గుండెకు తగులుతుంది. హెడ్‌ఫోన్లూ ఈ రెండు రకాలే. 1968లో సెన్‌హైజర్ హెచ్‌డీ 414తో వెనక తెరిచిన పద్ధతి జనంలోకి వచ్చింది. పసుపు పచ్చని స్పాంజి దిండ్లతో అది కోటికి పైగా అమ్ముడైంది. తెరిచిన రకంలో పాట తల బయట, గదిలో మోగుతున్నట్టు ఉంటుంది. కానీ రైల్లో దాంతో పని జరగదు. బయటి రొద లోపలికి వస్తుంది, లోపలి పాట పక్కవాళ్లకు వినిపిస్తుంది. సొరంగాల దారికి తుడుము లాంటి మూసిన రకమే సరి.

కొత్త డ్రైవర్ కొన్నవాళ్లు ఎక్కువగా నిరాశపడేది ఇక్కడే. తెరిచిన కప్పు కోసం చేసిన డ్రైవర్‌ను మూసిన కప్పులో పెడితే డోలు లాగా ఒకటే గుబగుబ. మూసిన దానికి చేసినది తెరిచిన దాంట్లో పెడితే తుడుము మోత ఎక్కడికో మాయమవుతుంది. డ్రైవర్ వెనక బెజ్జాల మీద గుండ్రటి కాగితమో ఫెల్ట్ ముక్కో అతికించి ఉంటుంది. చూడ్డానికి స్టిక్కర్‌లా ఉండే ఆ కాగితం గాలికి పెట్టిన అడ్డుకట్ట. దాన్ని పీకేస్తే డ్రైవర్ స్వభావమే మారిపోతుంది. మందుల షాపులో దొరికే కాగితపు ప్లాస్టర్ టేపుతో బెజ్జాలను సగం మూసి, మొత్తం మూసి విని చూస్తే తక్కువ ఖర్చుతోనే ఈ సంగతి అర్థమవుతుంది. కప్పులో వేసే దూది మరో పనిముట్టు. కొండల్లో రాలే బూరుగు దూదినీ ప్రయత్నించవచ్చు. చుట్ట దగ్గరకు పోగు చేరకుండా పల్చటి గుడ్డలో చుట్టి పెట్టాలి.

కప్పు ప్లాస్టిక్‌దే కానక్కర్లేదు. విశాఖకు అవతల వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక బొమ్మలకు వాడే అంకుడు కర్ర తేలిక, మెత్తన, తరిణె మీద చక్కగా తిరుగుతుంది. బొమ్మల తరిణె మీద బొమ్మ బదులు ఒక జత కప్పులు తీయించుకోవడానికి అడ్డేమీ లేదు.

బల్ల మీద పని

పని మొదలుపెట్టే ముందు నిజంగా డ్రైవర్ పోయిందో లేదో చూసుకోవాలి. ‘ఒక పక్కే వస్తోంది’ అనే ఫిర్యాదులో చాలాసార్లు తప్పు పిన్ను దగ్గర తెగిన వైరుది. మల్టీమీటర్ రెండు ముళ్లు డ్రైవర్ టంకం చుక్కలకు ఆనిస్తే 32 ఓమ్‌ల డ్రైవర్ ముప్పై దరిదాపుల్లో చూపిస్తుంది, చిన్న టిక్కుమనే చప్పుడూ వినిపిస్తుంది. అలా వస్తే డ్రైవర్ బతికే ఉన్నట్టు. మీటర్ ఏమీ చూపించకపోతే చుట్ట తెగినట్టు.

కొత్తవి జతగా కొనాలి. విడిగా ఒకటి కొంటే రెండు చెవుల మోత సరిపోకపోవచ్చు. బల్ల మీద ఇనుప రజను లేకుండా తుడవాలి. నియోడిమియం బలం తెలియనివాళ్లు ఇక్కడే దెబ్బ తింటారు. స్క్రూడ్రైవర్ కొన దగ్గరకు రాగానే అయస్కాంతం లాక్కుంటుంది, మధ్యలో ఉన్న పొర చిల్లుపడుతుంది. ఇత్తడి చిమటా, ప్లాస్టిక్ పనిముట్లు మేలు.

వైరు లోపలి పోగులకు రంగు ఎనామిల్ పూత ఉంటుంది. ఎర్రది కుడి, ఆకుపచ్చ లేదా నీలం ఎడమ, రాగిరంగుది గ్రౌండ్ అన్నది సాధారణ వాడుక. పూతను వేడి టంకంతో కాల్చకుండా అతికిస్తే కరెంటు పారదు. మామూలు 3.5 మిల్లీమీటర్ల పిన్నులో కొన ఎడమ, మధ్య రింగు కుడి, అడుగు భాగం గ్రౌండ్.

చివరగా ప్లస్, మైనస్ సరిచూడాలి. 1.5 వోల్టుల పెన్సిల్ బ్యాటరీకి ఒక 100 ఓమ్‌ల రెసిస్టర్ కలిపి, డ్రైవర్‌కు క్షణం సేపు తాకించాలి. రెండు డ్రైవర్ల పొరలూ ఒకే వైపు కదలాలి. ఒకటి ముందుకు, మరొకటి వెనక్కు కదిలితే తీగలు తారుమారైనట్టే. అలాగే వదిలేస్తే గాయకుడి గొంతు నడినెత్తిన నిలవకుండా చెల్లాచెదురవుతుంది.

బ్లూటూత్ రకాల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. వాటి లోపలి యాంప్లిఫయర్‌ను, ధ్వని దిద్దుబాటును పాత డ్రైవర్‌కు తగ్గట్టు కంపెనీయే కుదిర్చి పెడుతుంది. ఓమ్‌లు, కొలత అచ్చం అవే ఉన్న డ్రైవర్ దొరికితేనే మార్చాలి.

విని పోల్చే పద్ధతి

రెండు డ్రైవర్లను పోల్చాలంటే మిగతావన్నీ ఒకేలా ఉంచాలి. అదే కప్పు, అదే ప్యాడ్, అదే పాట. మోత కూడా సమానంగా ఉండాలి. కాస్త గట్టిగా మోగేదే మంచిదని చెవి మోసపోతుంది. ప్యాడ్ చెవి చుట్టూ సరిగా ఆనకపోయినా, కళ్లజోడు కాడ వల్ల సందు పడినా కింది స్థాయి మోత కారిపోతుంది. అది డ్రైవర్ తప్పు కాదు.

పరీక్షకు థింసా రికార్డింగ్ కన్నా మంచి పాట అరకులో మరొకటి అక్కర్లేదు. తుడుము దెబ్బ బిగువుగా పడి ఆగుతోందా, లేక సాగుతోందా? మోరి గొంతు చెవిని గుచ్చుతోందా? గుచ్చితే లోహపు పూత పొర స్వభావమో, ప్యాడ్ పల్చబడటమో చూసుకోవాలి. ఆడేవాళ్ల అందెల చప్పుడు గింజగింజా విడిగా వినిపిస్తోందా, ఒకే గరగరగా కలిసిపోతోందా? ఈ మూడింటికీ సమాధానం దొరికితే డ్రైవర్ ఎలాంటిదో తెలిసినట్టే. పెద్దవాళ్ల పాటలు, కువి, గదబ భాషల మాటలు రికార్డు చేసుకునే పిల్లలకైతే బాస్ గుమగుమలాడే డ్రైవర్ వద్దు. గొంతు గొంతులాగా వినిపించే సాదా మైలార్ డ్రైవర్, మూసిన కప్పు చాలు.

కొత్త డ్రైవర్ సెన్సిటివిటీ ఎక్కువైతే ఫోన్‌లో పాత గీత దగ్గరే ఉంచినా మోత పెరుగుతుంది. పెద్దవాళ్లకు వారానికి 40 గంటలు, 80 డెసిబెల్స్ హద్దు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మూడు డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ గంటలు సగమవుతాయి. అందుకే మొదటిసారి తగిలించేటప్పుడు శబ్దాన్ని అడుగుకు దించి, మెల్లగా పెంచాలి.

సరుకు విషయానికొస్తే, హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ ఎలక్ట్రానిక్ విడిభాగాలకు పాత పేరు. అదే నగరం అంచున కొంగరకలాన్‌లో ఫాక్స్‌కాన్ కర్మాగారం 2025లో ఎయిర్‌పాడ్స్ తయారీ మొదలుపెట్టింది. తయారీ ఇంత దగ్గరికి వచ్చినప్పుడు విడిభాగాలూ బాగుచేసే నేర్పూ జనానికి అందాలి. 2022 డిసెంబరులో కేంద్రం తెచ్చిన ‘మరమ్మతు హక్కు’ పోర్టల్ ఉద్దేశం అదే. కొండ మీద మొబైల్ రిపేరు బల్ల వేసుకున్న కుర్రాడికి డ్రైవర్ జత, దాని అసలు అంకెలు దొరికితే, సంతకు వచ్చినవాళ్లు హెడ్‌ఫోన్ బాగుచేయించుకోవడానికి విశాఖ బస్సు ఎక్కనక్కర్లేదు.

బాగుచేశాక పాత డ్రైవర్ బల్ల మీద మిగిలిపోతుంది. చుట్ట తెగింది, పొర చిరిగింది. అయస్కాంతం మాత్రం అలాగే ఉంది. దాన్ని ఓ చిన్న డబ్బా మూత అడుగున అతికిస్తే, తర్వాతి హెడ్‌ఫోన్ విప్పినప్పుడు ఊడిన బుల్లి స్క్రూలన్నీ దొర్లిపోకుండా దానికే పట్టుకుని ఉంటాయి.